గోడలోని పొడ

ధ్యానభాగము : లేవీయకాండము 14 : 33–53



లేవీయకాండము వరుసగా చదువుచు పోవువారు పదునాలుగవ అధ్యాయము కడభాగమునకు వచ్చుసరికి త్వరత్వరగా పుట త్రిప్పుదురు. సెమినరీలో చదువుకొను దినములలో మేమును అట్లే చేసితిమి. ఆ భాగమునుండి పరీక్షలో ప్రశ్న రాదని పై తరగతివారు చెప్పగా నమ్మితిమి. ప్రశ్న రాలేదు. ఇరువది యేండ్లు గడచిన తరువాత ఆ ప్రశ్న మా యింటి గోడమీదనే వచ్చినది.

మనుష్యుని చర్మమునకు తగులు కుష్ఠమునుగూర్చి చెప్పి ముగించిన పిమ్మట ధర్మశాస్త్రము ఇంటి గోడకు తగులు పొడనుగూర్చి చెప్పుచున్నది. గోడమీద పచ్చగానో ఎఱ్ఱగానో మచ్చలు లేచి, గుంటలు పడి కనబడినయెడల ఇంటివాడు దానిని దాచక యాజకునికి తెలియజేయవలెను. యాజకుడు వచ్చి చూచుటకు ముందే ఇంటిలోని సామానంతయు బయట పెట్టవలెను. ఏడు దినములు ఇల్లు మూసియుంచి మరల చూడవలెను. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీసి ఊరివెలుపల పారవేయవలెను. ఇంటి లోపలంతయు గీకించి, ఆ మట్టినిగూడ ఊరివెలుపలనే పోయించవలెను. వేరు రాళ్లు, వేరు అడుసు తెచ్చి పూయవలెను. అప్పటికిని పొడ తిరిగి వచ్చినయెడల అప్పుడు మాత్రమే ఇల్లు పడగొట్టవలెను.

ఈ ఆజ్ఞ వినునాటికి ఇశ్రాయేలీయులు ఎక్కడ నుండిరో జ్ఞాపకము చేసికొనుడి. అరణ్యములో గుడారములలో నుండిరి. వారికి గోడలే లేవు. ముందు కనానులో వారికి దొరకబోవు ఇండ్లైనను చాలవరకు ఇతరులు కట్టినవే. తాము కట్టని యిండ్లలో వారు కాపురముండబోవుచున్నారని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయమున చూచుచున్నాము. కాబట్టి ఇది కొత్త యిల్లు కట్టువానికంటె పాత యింటిలో కాపురముండువానికి ఎక్కువగా చెల్లు శాస్త్రము. మనలో అధికులము అట్టివారమే గదా.

శ్రీకాకుళమనగానే అనేకులు ఉత్తరాన నున్న జిల్లా పట్టణమును తలంతురు. మా శ్రీకాకుళము కృష్ణ యొడ్డున, ఘంటసాల మండలములోనిది. కృష్ణదేవరాయలు వచ్చి కొలిచిన ఆంధ్రమహావిష్ణువు ఆలయమువలన దీనికి పేరు. ఆ పేరుతో మా పేటకు పని లేదు. మా పేటలో మా తాతగారు మట్టి అడుసుతో ఇటుకలు పేర్చి కట్టిన రెండు గదుల యిల్లు మాకు పేరు. 1977 నవంబరు 19వ తేదీ తుపానున దివిసీమ దక్షిణపు ఊళ్లను సముద్రము ముంచినప్పుడు మా యింటి తాటాకు కప్పును గాలి ఎత్తుకొనిపోయినది గాని గోడలు నిలిచినవి. మా నాయనగారు ఆ గోడలమీదనే తాటి దూలములు వేసి పెంకు కప్పించిరి. పడని గోడ అని దానిమీద మాకందరకు మమకారము, కొంత అతిశయమునుకూడ.

పడకపోయినను గోడ త్రాగుచునే యున్నది. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు ఈ డెల్టా అన్నము తినుచున్నది. ఆ నీళ్లే మన యిండ్ల క్రింద నిలిచియున్నవి. సముద్రమునకు దగ్గర పడినకొలది ఆ నెమ్ములో ఉప్పు హెచ్చు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును, దానితోకూడ పునాదియు కదలును. వీటికి తోడు వీధి. మా చిన్నతనమున వీధినుండి రెండు మెట్లెక్కి యింటిలోనికి వచ్చెడివారము. రోడ్డు వేసిన ప్రతిసారి వీధి పెరిగినది. ఇప్పుడు ఒక మెట్టు దిగి లోపలికి రావలెను. వాననీరు మాకంటె ముందే దిగివచ్చును.

కడచిన సంవత్సరమునకు ముందటి క్రిస్మసునకు మేమొక పని చేసితిమి. మోకాలి యెత్తువరకు గోడ సున్నము పెచ్చులూడి, తెల్లని ఉప్పు పొడి రాలుచుండెను. పండుగకు సంఘస్థులు, బంధువులు వచ్చుదురు. పాదిరి యిల్లు ఇట్లుండునా అని సిగ్గుపడితిమి. నవంబరులో పనివాండ్రను పిలిచి, రొమ్ము యెత్తువరకు దిట్టముగా సిమెంటు పూయించి, లేత నీలి రంగు వేయించితిమి. వచ్చినవారందరు గోడ తడిమి చూచి మెచ్చుకొనిరి. ఆ మెప్పు మాకు తియ్యగానే యుండెను.

మరుసటి వర్షాకాలము సగమైనదో లేదో సిమెంటు పూతకు పైని, అంతవరకు ఎన్నడును నెమ్ము చూడని చోట, తెల్లని చార లేచెను. శ్రావణమునకు రంగు బొబ్బలెక్కినది. భాద్రపదమునకు పూత పలకలు పలకలుగా విడిపోయి పడినది. దాని వెనుక ఇటుకను వ్రేలితో గీరిన పిండివలె రాలెను. అంతకు కొంతకాలము ముందే యెహెజ్కేలు గ్రంథము పదుమూడవ అధ్యాయముమీద, నిలువని గోడకు సున్నము పూసి నిలిచినదని చెప్పు ప్రవక్తలనుగూర్చి, మేము ఒక ఆదివారము గట్టిగానే ప్రసంగించియుంటిమి. ఆ ప్రసంగపు కాగితములు అదే గదిలో నుండెను. వాటికిని నెమ్ము పట్టినది.

ఆ వర్షములలోనే మా తమ్ముడు ప్రభువునందు నిద్రించెను. మరదలును ఇద్దరు పిల్లలును మా యింటికి వచ్చిరి. మా యింట మేమిద్దరము, మా అమ్మ, మా పిల్లలు ముగ్గురు. రెండు గదులలో తొమ్మిదిమందిమైతిమి. రాత్రి ఒకరు లేచిన అందరు లేవవలసినదే. తమ్ముని చిన్నపిల్ల గోడ ప్రక్కన పండుకొని తెల్లవారుజామున దగ్గుచుండెను. ఆ దగ్గు వినుచు మేల్కొని యుండిన రాత్రులలో ఈ పాత యిల్లు పడగొట్టి డాబా వేయుదమని నిశ్చయించుకొంటిమి. లెక్క అడుగగా పదునొకండు లక్షలనిరి. మా చేత నున్నది 1,80,000 రూపాయలు: చీటీ పాడగా వచ్చినది కొంత, మా భార్య కుట్టుపనివలన దాచినది కొంత, గేదెను అమ్మినది కొంత. మిగిలినదానికి ముప్పది సెంట్ల మాగాణి తాకట్టు పెట్టవలెను. పెట్టుదమనియే యనుకొంటిమి. గుడారము విశాలపరచుమని యెషయా వ్రాయలేదా అని వాక్యమునుకూడ మా పక్షమున సాక్ష్యము పలికించుకొంటిమి. మనస్సు ఒకదానిమీద పడినప్పుడు వాక్యము ఎంత సులువుగా దొరకునో బోధకులకు బాగుగా తెలియును.

మా సంఘపెద్దలలో ఒకరు తాపీ మేస్త్రి, పెద్దవయస్సువాడు. కొత్త యింటికి కొలతలు తీయుమని పిలిచితిమి. ఆయన కొలతలు తీయలేదు. తాపీ పిడితో గోడ పొడవునా కొట్టుచు, చెవి యొగ్గి వినుచు నడిచెను. పిదప అరుగుమీద కూర్చుండి, “అయ్యగారూ, గోడ కింద నీళ్లు తాగుద్ది, మొకం మీదుగా ఆరుద్ది. మీరు మొకానికి సిమెంటు పూశారు. ఇంకెక్కడ ఆరుద్ది? పైకెక్కుద్ది. గోడ పోలేదు, అడుగు పోయింది. డాబా వేసినా కింద నీళ్లు ఇవేగా?” అనెను.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన మాట (లూకా 14) మనమందరము ఎరిగినదే. అక్కడ కూర్చుండుట అను మాటను మేము ఇదివరకు గమనింపలేదు. నిలుచుండి చూచినవానికి పొరుగువాని డాబా కనబడును. కూర్చున్నవానికి తన గోడ అడుగు కనబడును. ఆ సాయంకాలము మేము మేస్త్రి ప్రక్కన అరుగుమీద కూర్చుంటిమి. తాకట్టు మాట మానుకొంటిమి. ఎండలు ముదిరిన పిమ్మట మే నెలలో గోడ అడుగు పని, దానితో కప్పు పని, మిగిలిన సొమ్ముతో ఒక గది అని ఏర్పాటు చేసికొంటిమి.

ఇల్లు ఖాళీ చేయుటలో ఇంత బాధ యుండునని మాకు తెలియదు. మూడు తరముల సామాను వేపచెట్టు క్రిందికి వచ్చినది. చిల్లుపడిన గంగాళములు, కాళ్లు విరిగిన మంచము, చెదలు తిన్న పెట్టె, మా తమ్ముని చొక్కాలు. వీధిలో పోవువారు నిలిచి చూచుచుండిరి. పాదిరి యింట నున్న లేమి ఎంతో పేటకంతయు తెలిసినది. ఆ పెట్టె దులుపుచుండగా అడుగున మడిచిపెట్టిన కాగితమొకటి మా భార్య చేతికి చిక్కెను.

అది ప్రామిసరీ నోటు. క్రిస్మసునకు ఆ సిమెంటు పూతకు మేము ఇరువది యైదువేలు అప్పు తెచ్చియుంటిమి. నూటికి నెలకు రెండు రూపాయలు వడ్డీ. పండుగ కానుకలలో తీర్చివేయుదమని ఆమెకు చెప్పలేదు. కానుకలు వేరు ఖర్చులకు పోయినవి. పిమ్మట తమ్ముని జబ్బు, చావు. పదునెనిమిది నెలలు ఆ మాట మా నోట రాలేదు. వడ్డీ తొమ్మిదివేలైనది. ప్రతి ఆదివారము పాపపు ఒప్పుకోలు నడిపించిన నోరే అది.

ఆమె ఏడ్వలేదు, కేకలు వేయలేదు. కాగితము రెండుసార్లు చదివి, “ఏమండీ, గోడకు పూసినట్టే నాకూ పూశారు” అనెను. పిమ్మట ఆ మధ్యాహ్నమంతయు మాతో మాటలాడలేదు.

యాజకుడు వచ్చుటకు ముందే ఇల్లు ఖాళీ చేయవలెనని దేవుడు ఎందుకు సెలవిచ్చెనో ఆ మధ్యాహ్నము చెట్టు క్రింద చదివితిమి. ఇంటిలోని సమస్తమును అపవిత్రము కాకుండునట్లు అని అక్కడ కారణము చెప్పబడియున్నది. యాజకుడు ఇల్లు చూచి అపవిత్రమని పలికిన తరువాత లోపలనున్న కుండ, చాప, పరుపు అన్నియు అపవిత్రములే. ముందుగా బయటికి వచ్చినది తప్పించుకొనును. అయ్యో, అది ఇంటివానిని సిగ్గుపరచుటకు పెట్టిన ఆజ్ఞ కాదు! బీదవాని సామాను దక్కించుటకు పెట్టిన ఆజ్ఞ. మేము దానిని బయట పెట్టలేదు, అది మా యాలి చేతిలో బయటపడినది. అయినను ఇల్లు మూయకముందే బయటపడినది. ఆ సాయంకాలము ఆమెయే మాకు పలకయు బలపమును తెచ్చి యిచ్చి, “ముందు ఇది తీసివేసి లెక్క వేయండి” అనెను. 1,80,000లో 34,000 తీసివేసితిమి. 1,46,000 మిగిలినది. ఆ రాత్రియే వెళ్లి నోటు విడిపించుకొని వచ్చితిమి.

ఇక పనినిగూర్చి, మీలో ఇదే బాధ పడుచున్నవారికి ఉపయోగపడునని, కొంచెము వివరముగా వ్రాయుచున్నాము. మొదట గోడను ముట్టలేదు, నీటిని ముట్టితిమి. వీధివైపు గోడ వెంబడి పేరుకొనిన మట్టిని తవ్వి, నేల పల్లము చేసి, చూరునీరు దూరముగా పోవుటకు కాలువ తీయించితిమి. లోపల సిమెంటు పూతనంతయు చెక్కించితిమి. ఉప్పును నీళ్లతో కడుగరాదు. కడిగిన మరల గోడలోనికే దిగును. పొడి కుంచెతో దులిపి ఎత్తివేయవలెను. ఆ పొడిని మా అమ్మ పెరటిలో పోయించబోగా మేస్త్రి అడ్డుపడి, ఊరివెలుపలికి తోలించుమనెను. ఆయన లేవీయకాండము చదివి చెప్పలేదు. నలుబది యేండ్లు తాపీ పట్టి చెప్పెను. తరువాత గోడ అడుగున ఒక్కొక్కసారి అడుగున్నర మేర మాత్రమే పిండియైన ఇటుకలు ఊడదీసి, కడప బండ ముక్కలు పరచి, కొత్త ఇటుక పేర్చుచు వచ్చెను. ప్రక్క ప్రక్క భాగములు ఒకేసారి విప్పలేదు. విప్పిన గోడ కూర్చుండునట. ఆ బండ దాటి నెమ్ము పైకెక్కదు. పైని తిరిగి సిమెంటు వేయక సున్నమే పూసితిమి, అది గోడను ఆరనిచ్చును. మే నెలలో కాలువలు కట్టివేసియుందురు. బోరు నీళ్లు ఉప్పన. చెరువు నీళ్లు పీపాలతో తోలించుకొంటిమి. ఉప్పు నీళ్లతో కలిపినయెడల కొత్త అడుసులో మనమే పొడను నాటినవారమగుదుము. వేరు రాళ్లు మాత్రమే చాలవు, వేరు అడుసుకూడ కావలెనని ధర్మశాస్త్రము ఊరకే చెప్పలేదు.

పాదిరిగారి యిల్లని మేస్త్రి సగము కూలి చాలుననెను. పూర్తి కూలి యిచ్చితిమి. పొరుగువానిచేత జీతము లేక పనిచేయించుకొని మేడ కట్టువానికి యిర్మీయా 22వ అధ్యాయమున శ్రమ పలుకబడినది. మాది మేడ కాకపోయినను మాట ఒక్కటే. కప్పునకు చెదలు తిన్న వాసములు మాత్రము మార్చి, పగులని పెంకు పాతదే వాడితిమి.

గది మాట. తాకట్టు మానుకొన్నందున, నోటు తీర్చినందున, అనుకొన్నంత గది రాదు. వెనుక వసారాకు రెండువైపుల గోడ పెట్టి, ఒక కిటికీ, ఒక తలుపు పెట్టితిమి. అంతే. ఆ రోజులలో మరదలు తన గాజులు విప్పి తెచ్చి, “బావగారూ, ఇవి వేసి కాస్త పెద్దది కట్టించండి” అనెను. ప్రవక్తల శిష్యులు తమ స్థలము ఇరుకైనదని యొర్దాను యొద్ద మ్రానులు నరుకుచుండగా గొడ్డలి నీటిలో పడినది. అది అరువు తెచ్చినదని వాడు మొఱ్ఱపెట్టెను (2 రాజులు 6). విధవరాలి గాజులు అంతకంటె బరువైన అరువు. తిరిగి ఆమె చేతికే తొడిగించితిమి. షూనేమీయురాలు దైవజనునికి కట్టించిన గది చిన్నదే. మంచము, బల్ల, పీట, దీపము. నాలుగు వస్తువులు పట్టు ఆ గదిలోనే తరువాత ఆమె చచ్చిన బిడ్డ లేచెను. మా వసారా గదిలో మరదలును పిల్లలును పండుకొనుచున్నారు. అన్నియు పోగా ఆరువేలు మిగిలినవి. జూనులో అయిదుగురు పిల్లల పుస్తకములకు సరిపోయినవి.

ఇట్లు చెప్పినందున ఏ పాత యింటినైనను నిలుపుకొనవలెనని మేము చెప్పుట లేదు. తిరిగి పొడ లేచిన యింటిని పడగొట్టుమనియు అదే అధ్యాయము చెప్పుచున్నది. ఉప్పెన తరువాత కట్టిన కాలనీ యిండ్లలో కొన్నింటికి కప్పు పెచ్చులూడి, త్రుప్పు పట్టిన చువ్వలు వ్రేలాడుచున్నవి. దాని క్రింద రంగు వేసి పిల్లలను పండుకొనబెట్టువారు మా క్రిస్మసు పనికంటె ఘోరమైన పని చేయుచున్నారు. అట్టి కప్పును తెలిసినవానికి చూపించుడి, ఈ వర్షములకు ముందే చూపించుడి. అంతవరకు పిల్లల పడక అయినను మార్చుడి.

యాజకుడు ఒక్కసారి చూచి పోలేదని గమనించితిరా? పూసిన తరువాతకూడ మరల వచ్చి చూచును. మా యింట ఆ పని మా అమ్మ చేయుచున్నది. ఈ యేడు తొలి ముసురు పట్టి వెలిసిన మరునాడు ఆమె దీపము చేతబట్టుకొని, గోడ పొడవునా అరచెయ్యి ఆనించుచు నడిచెను. మా భార్య నోటు దొరికిన పెట్టె నుండిన మూలయొద్ద నిలిచి చూచుచుండెను. “పొడిగానే ఉంది నాయనా” అని అమ్మ చెప్పి, పిమ్మట ఆ మూలయందే వంగి, “ఇక్కడ మాత్రం వచ్చే ముసురుకు ఇంకొకసారి చూడాలి” అనెను.